పదహారు ప్లేట్లు, ఒక హవాయి చెప్పు

పార్సిలు విప్పి మొదటి గ్రామఫోన్ ప్లేటు చేతికివ్వగానే మా నాయన అన్న మాట ఇది: "ఏం పాపా, దీన్ని నడిమిట్లో ఎలకలు గానీ కొరికినాయా?"

ఆయన తప్పేం లేదు. పాకాలలో పాతికేళ్లు మైకుసెట్టు నడిపిన మనిషి. నిమిషానికి 78 తిరుగుళ్లవి, 45వి, లాంగ్‌ప్లేలు, అన్నీ ఆయన చేతుల మీదుగా పోయినవే. కానీ ఆయన వాడిన వాటన్నిటికీ నడుమ సన్న బెజ్జమే. ఈ జపాను 45 తిరుగుళ్ల ప్లేటుకు బెజ్జం 38 మిల్లీమీటర్లు. 1949లో అమెరికాలో ఆర్‌సీఏ విక్టర్ కంపెనీ ఈ సైజు తెచ్చినప్పుడు, ప్లేట్లను దానంతట అదే ఒకదాని తర్వాత ఒకటి వేసుకునే యంత్రం కోసం లావుపాటి ఇరుసు పెట్టింది. జపాన్‌లో ఆ బెజ్జం అలాగే నిలిచిపోయింది. వాళ్లు దీన్ని డోనట్ ప్లేటు అంటారు. మన దగ్గర పుట్టి ఉంటే వడ ప్లేటు అయ్యుండేది.

నేను కొన్నది ఏమిటో చెప్తాను. జపాన్‌లో పాత సామాన్లు అమ్మే ఒకాయన వేలానికి పెట్టిన కట్ట. "షోవా కాలపు మగ గాయకుల తొలి పాటలు, 16 ప్లేట్లు" అని పైన రాసుంది. షోవా అంటే 1926 నుంచి 1989 జనవరి దాకా ఒకే చక్రవర్తి ఉన్న కాలం. ఆ మాట వింటే జపాను వాళ్ల ముఖం, ఘంటసాల పాట వినబడిన పెద్దవాళ్ల ముఖంలా మెత్తబడుతుంది. నేను శ్రీసిటీలో ఒక జపాను కంపెనీలో దుబాసీని. పొద్దంతా బోల్టు బిగింపులు, వెల్డింగు లోపాలు, "సరుకెందుకు ఆలస్యమైంది" అన్న సంజాయిషీలు అటునుంచి ఇటు, ఇటునుంచి అటు మోసి సాయంత్రం కంపెనీ బస్సులో తిరుపతి కొర్లగుంటకు చేరతాను. ఈ భాషలో మనుషులు పాటలు కూడా పాడతారన్న సంగతి మరిచిపోయే ఉద్యోగం. అందుకే కొన్నాను, ఇంకో గొప్ప కారణం లేదు.

డబ్బుల సంగతి. కట్ట 4,800 యెన్లు. నేరుగా మన దేశానికి పంపరు కాబట్టి మధ్యలో ఒక కొనిపెట్టే సంస్థ. వాళ్ల రుసుము 500. జపాన్ లోపల రవాణా 870. అక్కడినుంచి ఇక్కడికి 5,200. అంటే పాటల కంటే ప్రయాణం ఖరీదు. దాని మీద కస్టమ్స్ సుంకం వేరే. మొత్తం మన రూపాయల్లో ఎనిమిది వేల మూడొందలు తేలింది. అమ్మకు మూడు వేలని చెప్పాను. చదివే వాళ్లెవరైనా మా వీధివాళ్లైతే దయచేసి అదే అంకె మీద ఉండండి.

కట్టడం మాత్రం దండం పెట్టొచ్చు. ఒక్కో ప్లేటుకు ప్లాస్టిక్ తొడుగు, రెండు వైపులా గట్టి అట్ట, నాలుగు మూలలా మడిచిన కాగితం. అంత చేసి పంపినా ఒకటి వంకర తిరిగి వచ్చింది. అది దారిలో ఎండకు తిరిగిందా, అమ్మినాయన ఇంట్లోనే తిరిగిందా అని అడిగాను. కొనిపెట్టిన సంస్థ ఆరు రోజులకు జవాబిచ్చింది: అమ్మకపు పేజీలో "నో క్లెయిమ్, నో రిటర్న్" అని ఉంది, చూసుకోండి అని. ఉంది నిజమే. ఆ ముక్కను అనువాదం చేసి చూపించకుండా వదిలేసింది కూడా వాళ్లే. నాకు జపనీస్ వచ్చు కాబట్టి నేను నోరు మూసుకోవాల్సి వచ్చింది, రానివాళ్ల గతి ఏంటి?

సరే, బెజ్జం. అడాప్టరని ఒక బిళ్ల దొరుకుతుంది, కొనొచ్చు. కానీ పాకాల మైకుసెట్టు ఆయన అట్లాంటివి కొంటాడా? అటక మీదినుంచి తన పెట్టె ప్లేయరు దించి, రబ్బరు బెల్టు మార్చి, ముల్లు గోటి మీద గీసి చూసుకుని, తెగిపోయిన హవాయి చెప్పు అడుగును బ్లేడుతో గుండ్రంగా కోసి, నడుమ వేడి మేకుతో చిల్లి పెట్టాడు. మొదటిది వదులైంది. రెండోది సరిగ్గా కూర్చుంది. కాలిన రబ్బరు వాసన నడుమ హషి యుకియో గొంతు మా ఇంట్లోకి వచ్చింది.

1960 జూలైలో వచ్చిన "ఇతకో గస" అది. ఇతకో అనే ఊరి వాడు, చేతిలో జూదం, తల మీద టోపీలాంటి గడ్డి గొడుగు, ఊరూరా తిరిగే ఒంటరివాడి పాట. పాడిన హషికి 17 ఏళ్లు. ఆ ఏడాదే జపాన్ రికార్డ్ అవార్డుల్లో కొత్త గాయకుడికి బహుమతి ఇవ్వడం మొదలుపెట్టారు. మొట్టమొదట అందుకున్నది ఇతనే. పాట బాగుంది. గొంతు ముదురుగా, జారకుండా, అడుగులు లెక్కపెట్టుకుంటూ నడుస్తుంది. అయినా 17 ఏళ్ల పిల్లాడు జూదరి విరక్తిని అంత తేలిగ్గా మోస్తుంటే నాకు నమ్మబుద్ధి కాలేదు. నాయన మాత్రం తాళానికి తొడ మీద తట్టుకుంటూ కూర్చున్నాడు. ఆయనకు మాటలు తెలియవు, గొంతే తెలుస్తుంది. ఆ మాటకొస్తే ఈ పదహారు ప్లేట్లకు అసలు సమీక్షకుడు ఆయనే. నేను అట్టల మీది అక్షరాలు చదివిపెట్టే మనిషిని.

ఆయన పట్టుకున్న సంగతి ఒకటి చెప్తాను, ఈ కట్ట విలువంతా నాకు దాంట్లో తెలిసింది.

నోగుచి గోరో అనే గాయకుడు 70ల్లో జపాను అమ్మాయిలకు ఆరాధ్య దైవం. సైజో హిదెకి, గో హిరోమి, ఇతను కలిసి ముగ్గురు మొనగాళ్లు. 60ల్లో హషి యుకియో, ఫునకి కజువో, సైగో తెరుహికో అనే ముగ్గురిని అట్ల పిలిచేవాళ్లు కాబట్టి వీళ్లు "కొత్త ముగ్గురు". అది తెలుసుకున్నాను కాబట్టి గోరో ప్లేటు పెట్టినప్పుడు నేను గిటార్లు, పరుగులు, ఎగురుళ్లు వస్తాయని కాచుకున్నాను. వచ్చిందేమో "హకతా మిరెన్": హకతా ఊరిలో వదలని మమకారం. 1971 మే. ఎంకా పాట. ఎంకా అంటే ఓడరేవు, వాన, సారాయి, వదిలిపోయినవాళ్లు; గొంతును మెలిపెట్టి కన్నీరు పిండే బాణీ. గోరోకు అప్పుడు 15 ఏళ్లు.

సగం చరణం అయ్యేసరికి నాయన చేయి ఎత్తాడు. "ఈ పిల్లోడికి ఎవరిదో చొక్కా తొడిగినారే. చేతులు బయటికి రాలే."

నేను చెప్పలేదు ఆయనకు ఏమీ. ఆ పాట ఆడలేదు. మూడు నెలలు దాటగానే ఆగస్టులో "అఓయ్ రింగొ", అంటే పచ్చి ఆపిల్ అని ఇంకో పాట ఇచ్చారు. బాణీ మార్చారు, వయసుకు తగిన మాటలిచ్చారు, అది పట్టుకుంది. జపాన్‌లో అతని పేరు నిలబెట్టింది ఆ రెండోదే. ఆ రెండోది ఈ కట్టలో లేదు, ఫోన్‌లో వినిపించాను. "ఇప్పుడు వాడి చొక్కానే" అన్నాడు, ప్లేటు కాదు కాబట్టి కొంచెం అలిగినట్టుగా.

ఆపిల్ పాట కట్టినాయన పేరు త్సుత్సుమి క్యోహెయ్. ఈ పేరు అట్టల మీద వెతకడం నాకు ఆటయిపోయింది. మొదటి అక్షరానికి గొట్టం అని అర్థం, వెంటనే కంటికి ఆనుతుంది. 1972 మార్చిలో సైజో హిదెకి తొలి పాట "కొయ్ సురు కిసెత్సు", ప్రేమించే కాలం: గొట్టం ఆయనే. అదే ఏడాది ఆగస్టులో గో హిరోమి తొలి పాట "ఒతొకొ నొ కొ ఒన్న నొ కొ", అబ్బాయిలూ అమ్మాయిలూ: గొట్టం ఆయనే. 1980 డిసెంబరులో కొందో మసహికో "స్నీకర్ బ్లూస్": మళ్లీ గొట్టమే. ఒకే దర్జీ, ఇంతమంది పిల్లలకు మొదటి పండక్కి కుట్టిన బట్టలు. ఎవరి కొలత ఎక్కడ పట్టాడో ఒకదాని వెంట ఒకటి వింటే తెలుస్తుంది. హిరోమిది ముక్కుతో పలికే, కొంచెం అమ్మాయి గొంతులాంటి గొంతు. దాన్ని దాచకుండా ఎగిరి గంతేసే బాణీ ఇచ్చాడు. ఆ ఏడాది కొత్త గాయకుల బహుమతుల్లో ఒకటి హిరోమికి వచ్చింది. హిదెకికి మాత్రం తొలి పాటలో కొలత సరిపోలేదని నా అభిప్రాయం. హిరోషిమా నుంచి వచ్చిన పిల్లాడు, అన్నతో కలిసి బ్యాండులో డ్రమ్ములు వాయించినవాడు. ఆ గొంతులో గరగర ఉంది, అరుపు ఉంది. ఈ పాటలో వాటికి చోటు లేదు. గేటు దగ్గర ఆగిపోయిన లారీలా గుర్రుమంటూ ఉంటుంది లోపల. తర్వాతి సంవత్సరాల్లో అరిచి పాడడమే అతని ముద్ర అయింది.

పక్కమాట ఒకటి. ఈ హిదెకి ఏళ్ల తరబడి జపాన్‌లో కూరపొడి ముద్దల ప్రకటనలో కనిపించాడు. ఆపిల్, తేనె కలిపిన తియ్యటి కర్రీ. మా క్యాంటీన్లో వారానికొకరోజు జపాను కర్రీ పెడతారు. మన వంటాయన దాంట్లో ఎండుమిరపకాయ తాలింపు వేసి పెద్ద గొడవ చేసుకున్నాడు. నేను మధ్యలో నిలబడి అనువదించాను. హిదెకి ప్లేటు అట్ట మీది ఆ నవ్వు ముఖం చూస్తే నాకు ఆ రోజే గుర్తొస్తోంది.

ఇక అమ్మినాయన మీద నా అసలు ఫిర్యాదు. తొలి పాటలు అని రాశాడు కదా. పదహారులో మూడు తొలి పాటలు కావు. సకమోతో క్యూది "ఉఎ ఒ ముఇతె అరుకో" వచ్చింది, 1961ది. తల పైకెత్తి నడుద్దాం, కన్నీళ్లు కారకుండా, అనే పాట. 1963లో అమెరికాలో "సుకియాకి" అనే తిండి పేరు తగిలించుకుని అక్కడి బిల్‌బోర్డ్ పట్టికలో మొదటి స్థానానికి ఎక్కింది. గొప్ప పాట, ప్లేటు కూడా నిగనిగలాడుతోంది. తొలి పాట మాత్రం కాదు, అంతకుముందే అతను ప్లేట్లిచ్చాడు. కితజిమ సబురోది "నమిద బునె", కన్నీటి పడవ వచ్చింది. 1962 జూన్. ఇది తొలి పాటేనని చాలామంది అనుకుంటారంటే అమ్మినాయనను క్షమించొచ్చు, ఎందుకంటే అసలు తొలి పాట అదే నెలలో వచ్చి అదే నెలలో మాయమైంది. దాని పేరు "బుంగచ బుషి". దాంట్లో క్యూక్యూక్యూ అనే ఊతపదం మంచం కిర్రుమన్నట్టుందని రేడియోల్లో వేయడం మానేశారు. వెంటనే రెండోది దించారు, అది బ్రహ్మాండంగా ఆడింది. రాత్రిళ్లు గిటారు మెడకు తగిలించుకుని సారాయి అంగళ్లలో తిరిగి పాడుకుని బతికిన మనిషి, మొదటి ప్లేటు నిషేధమైనందుకు ఏమనుకునుంటాడో. నాయనకు ఈ కథ చెబితే పడీపడీ నవ్వి, "ఆ మొదటిది దొరకదా?" అన్నాడు. వెతుకుతున్నా.

మూడోది ఇత్సుకి హిరోషి "యొకొహమ తసొగరె", 1971. దీన్ని తప్పని చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఇత్సుకి హిరోషి అనే పేరుతో ఇదే మొదటిది. కానీ ఆ మనిషి 1965లోనే మత్సుయమ మసరు అనే పేరుతో తొలి ప్లేటు ఇచ్చాడు. ఆడలేదు. పేరు మార్చి ఇచిజో ఎఇఇచి అయ్యాడు. ఆడలేదు. మితని కెన్ అయ్యాడు. అప్పుడు టీవీలో గాయకుల పోటీకి వెళ్లి, పది వారాలు వరుసగా నెగ్గి, నాలుగో పేరు పెట్టుకుని ఈ పాట పాడాడు. ఆరేళ్లు, నాలుగు పేర్లు. యొకొహమ, చీకటిపడే వేళ, హోటలు గది, సిగరెట్టు పొగ: చరణం మొదట్లో మాటలన్నీ ముక్కలు ముక్కలుగా, క్రియలు లేకుండా వచ్చి పడతాయి. మా నాయన మైకుసెట్టు పేరును రెండుసార్లు మార్చాడు, నష్టమొచ్చిన ప్రతిసారీ. కాబట్టి ఇత్సుకిని మా ఇంట్లో ఏకగ్రీవంగా తొలి పాటే అని ఒప్పుకున్నాం. అమ్మినాయనకు ఒక తప్పు కొట్టేశాం.

అదే పేరుతో నిలబడినవాళ్లలో ఫునకి కజువో "కొకో సన్నెన్‌సేయ్" గురించి నేను రాయకపోతే మా మేనేజరు సాన్ (సాన్ అంటే మన "గారు") నాతో మాట్లాడడు. హైస్కూలు మూడో సంవత్సరం, మన లెక్కన ఇంటర్ రెండో సంవత్సరం. 1963 జూన్. ఫునకి స్కూలు యూనిఫాం నల్లకోటు వేసుకుని వేదికెక్కి పాడాడు, 18 ఏళ్ల వాడు. ఎర్రటి పొద్దు బడి గోడల మీద పడుతుంటుంది, అందరం విడిపోతాం, అయినా స్నేహితులమే. అంతే పాట. దీనికి బాణీ కట్టిన ఎందో మినొరు పేదరికం వల్ల హైస్కూలు ముఖం చూడలేదట. తనకు లేని బడికి అంత ఉత్సాహంగా నడిచే బాణీ కట్టాడంటే, ఆ పాట మధ్యలో నాకు గొంతు పట్టేసింది. మా మేనేజరు సాన్‌ ఫోన్‌లో దీన్ని విని కళ్లు మూసుకుని పాడాడు, అసెంబ్లీ లైను పక్కన, హెల్మెట్ తీయకుండా. అరవై దాటిన మనిషి. ఆ రోజు ఆలస్యాల గురించి ఏమీ అడగలేదు.

సైగో తెరుహికో 1964 "కిమి దకె ఒ" తియ్యగా ఉంది, అయిపోయింది. సవద కెంజి ఒంటరిగా పాడిన తొలి పాట 1971 "కిమి ఒ నొసెతె" ఠీవిగా ఉంది, కానీ అతను అప్పటికే ద టైగర్స్ అనే గుంపులో పేరు మోసినవాడు, తొలి పాట బెరుకు ఎక్కడుంటుంది? తహర తొషిహికో 1980 "అఇషూ డేటు" అమెరికా గాయకుడు లీఫ్ గారెట్ పాటకు జపాను మాటలు తగిలించింది. మనకు కొత్తా? కొందో మసహికో "స్నీకర్ బ్లూస్" జపాన్‌లో ప్లేట్ల అమ్మకాలు లెక్కగట్టే ఒరికాన్ పట్టికలోకి దిగిన వారమే మొదటి స్థానం, తొలి పాటతో అట్ల దిగినవాళ్లు అంతకుముందు లేరు. పది లక్షలు దాటి అమ్ముడుపోయింది. నిజం చెప్పాలంటే స్వరం అక్కడక్కడా పక్కకు పోతుంది, అతనికి పట్టింపు లేదు, వినేవాళ్లకూ లేదు. షిమిజు కెంతారో 1976 "షిత్సురెన్ రెస్టారెంట్" ఉంది చూడండి, ప్రేమలో ఓడినవాళ్లు వచ్చి కూర్చునే హోటలు. మా లీలామహల్ సెంటర్లో అలాంటిది పెడితే రాత్రి రెండింటి వరకూ కిటకిటే.

ఇప్పుడు మోరి షిన్‌ఇచి. 1966, "ఒన్న నొ తమెఇకి", ఆడదాని నిట్టూర్పు. 18 ఏళ్ల మగపిల్లాడు ఆడమనిషిగా మాట్లాడుతూ పాడతాడు, గొంతు ఇసుక కాగితంలా. నేను ప్లేటు చెడిపోయిందేమోననుకుని ముల్లు తుడిచాను. కాదు, గొంతే అంత. దాని పక్కనే హొసొకవ తకషి 1975 "కొకొరొ నొకొరి". నేను పిచ్చిదాన్ని కదా అని మొదలవుతుంది, అదీ ఆడదాని మాటే. సప్పొరో నగరంలో క్లబ్బుల్లో పాడిన లావుపాటి గొంతు. జపనీస్‌లో "నేను" అనడానికి ఆడవాళ్ల తీరు, మగవాళ్ల తీరు వేర్వేరుగా ఉంటాయి, వాక్యం చివరి తోకలు కూడా. కాబట్టి మగాడు ఆడమాట పాడితే మొదటి ముక్కలోనే తెలిసిపోతుంది. దీన్ని తెలుగులో నాయనకు చెప్పడానికి తంటాలు పడ్డాను. మనకు "నేను" అందరికీ ఒకటే కదా.

ఆయన ఆపాడు నన్ను. "ఇందులో చెప్పేదేముండాది? గంగజాతరలో మాతంగి వేసం కట్టేది మగోడే కదా. చీర కట్టినాక వాడు గంగమ్మే."

తిరుపతిలో పుట్టి, మే నెలలో ప్రతి ఏడూ వీధిలో చీరలు కట్టి నడిచే మగవాళ్లను చూసి, అన్నమయ్య నాయికగా మారి రాసిన కీర్తనలు మైకుల్లో వింటూ పెరిగి, నేను దీన్ని జపాను వింతని వివరించబోయాను. మోరి ప్లేటును మళ్లీ పెట్టాం. ఈసారి నాకు గొంతులోని గరుకు కనబడలేదు.

ఇంకొకటి అన్నాడు ఆ రాత్రే. బాలు 1967లో కోదండపాణి సంగీతంలో సినిమాకు పాడిన తొలి పాటలో సుశీల, పీబీ శ్రీనివాస్, రఘురామయ్య కూడా ఉన్నారు. తిరుపతిలో పీయూసీ చదివిన కుర్రాడు కదా, మా నాయనకు అతని మీద హక్కు ఎక్కువ. "దాంట్లో బాలు పెద్దోళ్ల బంతిలో కూర్చున్న పిల్లోడి మాదిరి తింటాడు. ఇస్తరాకు మీద ఏమీ ఒలకనీయడు" అన్నాడు. ఈ పదహారు ప్లేట్లలో అట్ల ఒలకనీయకుండా తినేవాళ్లు తొమ్మిది మంది అని లెక్క తేల్చాడు. హషిని ఆ తొమ్మిదిలో చేర్చాడు. నేను ఒప్పుకున్నాను. ఫునకిని చేర్చాడు. ఒప్పుకోలేదు. ఇంకా తేలలేదు.

చివరికి మిగిల్చుకున్నది ఇనోవె యోసుయి, 1972, "జిన్‌సేయ్ గ నిదొ అరెబ". బతుకు రెండుసార్లు ఉంటే. ఇదీ నిక్కచ్చిగా తొలి పాట కాదు, కానీ దీన్ని నేను తప్పుల లెక్కలో వేయలేదు, వేయను. పళ్ల డాక్టరు కొడుకు. దంతవైద్యం ప్రవేశపరీక్ష మూడేళ్లు వరుసగా తప్పాడు. లాంగ్‌టర్మ్ కోచింగులో జుట్టు ఊడిన పిల్లలు మన బైరాగిపట్టెడ హాస్టళ్లలో ఎంతమంది లేరు? అతను 1969లో ఆంద్రె కాంద్రె అని నవ్వొచ్చే పేరు పెట్టుకుని "కాంద్రె మాంద్రె" అనే ప్లేటు ఇచ్చాడు. ఎవరూ పట్టించుకోలేదు. మూడేళ్లకు సొంత ఇంటిపేరుతో ఈ పాట.

గిటారు, గొంతు. నేను వాక్యం వెంట వాక్యం తెలుగు చేసి చెప్తూ పోయాను. ఈ ఫిబ్రవరికి నాన్నకు 65. ముఖం మీద ముడతలు పెరుగుతున్నాయి. పని, పని అని తిరిగి ఇప్పుడిప్పుడే తీరిక దొరికింది. అంచు విరిగిన కప్పులో టీ పోసుకుని, దాంట్లో కనబడే తన ముఖాన్నే చూస్తూ ఉన్నాడు.

నాయన చేతిలో కాఫీ గ్లాసు. ఆయనకు 71.

"రాసినోడికి ఎంత వయసు అప్పుడు?"

"ఇరవై మూడు."

"ఇరవై మూడేళ్లకే అప్పన్ని అట్ల చూసినాడా." గ్లాసు కింద పెట్టాడు.

తర్వాతి చరణం అమ్మది. సెప్టెంబరుకు అమ్మకు 64. అక్కడ గీత. సరిగ్గా అక్కడే. ముల్లు టక్కున ఎగిరి పల్లవి మీద పడింది. మళ్లీ పెట్టాను, మళ్లీ ఎగిరింది. అమ్మినాయన ఈ ప్లేటుకు స్థితి ఏ గ్రేడు అని రాశాడు, గుర్తుంచుకోండి. వంటింట్లోంచి అమ్మ: "అయ్యకేమో చరణమంతా, నాకేమో గీతలా?"

నాయన లేచి చొక్కా జేబులోంచి రూపాయి బిళ్ల తీసి ముల్లు తల మీద పెట్టాడు. జాతరల్లో గీతలు పడిన ప్లేట్లను ఆయన నడిపించిన పద్ధతే. ఎక్కువసార్లు చేస్తే ప్లేటు అరిగిపోతుంది, తెలుసు. ముల్లు గీతను ఒరుసుకుంటూ, గరగరమంటూ దాటింది. అమ్మ చేతి తడి కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడింది. పిల్లల కోసమే ముసలిదైన తల్లి, సన్నటి చేతులతో ఊరగాయ జాడీ మీది బండ ఎత్తుతోంది అని చెప్పాను.

"ఏం ఊరగాయ?" అంది.

ముల్లంగి అయ్యుంటుందన్నాను. పెదవి విరిచి లోపలికి పోయింది.

కొనాలా వద్దా అంటే: జపనీస్ చదవడం వచ్చి, దగ్గర ప్లేయరు ఉండి, పాటకంటే ప్రయాణానికి ఎక్కువ కట్టడానికి సిద్ధమైతే కొనండి. సరుకుకు ఐదుకు నాలుగు. వర్ణనకు రెండు, ఆ "ఏ గ్రేడు" వల్ల. కొనిపెట్టిన సంస్థకు ఒకటి, అదీ కట్టిన తీరుకు. పాటలు వింటే చాలనుకునేవాళ్లకు ఇవన్నీ ఫోన్‌లోనే దొరుకుతాయి, ఎనిమిది వేలు, క్షమించాలి, మూడు వేలు మిగుల్తాయి. వంకర తిరిగిన ప్లేటు సైగోది. రెండు గాజు పలకల మధ్య పెట్టి పైన బియ్యం మూట ఎత్తాం. నాలుగో రోజు. అమ్మ అందులోంచి బియ్యం తీయకుండా చూసుకోవడమే ఇప్పుడు పని.

బిళ్లలు ఇంకో చెప్పులోంచి నాలుగు కోసి పెట్టాడు నాయన. తిరుపతిలో ఎవరి దగ్గరైనా వడ ప్లేట్లుంటే ఒకటి ఊరికే ఇస్తాడంట, ఆ ప్లేటు ఒకసారి వినిపిస్తే.